ఊపిరి బిగబట్టకండి: ఆయాసం జబ్బున్నవారికి చలికాలపు వ్యాయామ జాగ్రత్తలు

కిందటి వారం ఉదయం విశాఖ బీచ్ రోడ్డు పక్కన ఒక పార్కులో ఒక పెద్దాయన కుప్పకూలారు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, వయసు 66, పదేళ్లుగా సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి ఆయాసం తెచ్చే జబ్బు. పడిపోవడానికి రెండు నిమిషాల ముందు ఆయన బల్ల మీద నిటారుగా కూర్చొని, ముక్కు రెండు వేళ్లతో మూసుకొని, ఇరవై దాకా లెక్కపెడుతున్నారు. పక్కనున్న మిత్రుడు "ఇంకో అయిదు, ఇంకో అయిదు" అంటూ వేళ్లు మడుస్తున్నారు. నేను పరుగెత్తి చేరేసరికి పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. మెడ మీద కండరాలు తాళ్లలా తేలాయి. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) 79 చూపించింది. ఆయన బతికారు, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. మిత్రుడు మాత్రం మంచి జరుగుతుందనే చేయించాడు, ఆ మాట తలచుకొని ఏడుస్తున్నాడు.

ఊపిరితిత్తుల జబ్బున్నవారికి నెమ్మదైన వ్యాయామాలు నేర్పడం నా వృత్తి. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షలమంది యోగా చేసిన తర్వాత, నా దగ్గరికి వచ్చేవారిలో "మేమూ మొదలుపెట్టాం" అనేవారు ఎక్కువయ్యారు. సంతోషమే. కదలకుండా కూర్చుంటే కాళ్లలో కండ కరుగుతుంది, కండ కరిగితే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. కాబట్టి చేయవద్దని నేను ఎవరికీ చెప్పను. సిగరెట్ మానండి, దుమ్ములో తిరగకండి అని చెప్పేవారు మీకు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. ఊపిరి బిగబట్టకండి.

ఎందుకో వినండి. సీఓపీడీలో గాలి లోపలికి రావడం కంటే బయటికి పోవడం పెద్ద కష్టం. గాలి వదిలేటప్పుడు సన్నటి గొట్టాలు ముందే మూసుకుపోతాయి, వాడేసిన గాలి లోపలే చిక్కుకుంటుంది. సాయంత్రం గాజువాక బస్సును తలచుకోండి. దిగాల్సినవారు దిగనే లేదు, మెట్ల మీద ఎక్కేవారు తోస్తున్నారు. అప్పుడు "ఇంకా లోపలికి జరగండి" అని కేక వేస్తే ఏమవుతుంది? ఆయాసపడే మనిషిని "గట్టిగా పీల్చు, పట్టి ఉంచు" అనడం అలాంటిదే. ఛాతీ పీపాలా ఉబ్బుతుంది, ఛాతీ కింద ఊపిరి ఆడించే కండరం, గోపురంలా ఉండాల్సిన ఉదరవితానం, పళ్లెంలా చదునై పని మానేస్తుంది. ఈలోపు రక్తంలో ఆక్సిజన్ జారిపోతూనే ఉంటుంది. ఎంఫిసీమా, అంటే ఊపిరితిత్తుల్లో గాలి సంచులు పాడయ్యే జబ్బు, ముదిరినవారిలో కొందరికి ఊపిరితిత్తి మీద పలుచటి గాలి బుడగలు ఉంటాయి. బిగబట్టి ముక్కితే అవి చిట్లవచ్చు. చిట్లితే గాలి ఛాతీ గోడ వైపు చేరి ఊపిరితిత్తిని నలిపేస్తుంది.

ఆరోగ్యవంతులకు కుంభకం, అంటే ఊపిరి బిగబట్టి ఉంచడం, ఒక సాధన కావచ్చు. మీకు అది సాధన కాదు. వేగంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక కూడా మీవి కావు. ఆ వేగంలో గాలి పూర్తిగా వదలడానికి సమయమే దొరకదు.

బిగబట్టేది ఎక్కడెక్కడ

చాలామంది "నేను కుంభకం చేయను కదా" అంటారు. చేస్తున్నారు, తెలియక. చేతులు పైకెత్తేటప్పుడు చూసుకోండి, ఊపిరి ఆగిపోతుంది. మెడ, భుజాల కండరాలు మీకు గాలి పీల్చడంలో సాయపడుతున్నాయి. చేతులు ఎత్తగానే వాటికి రెండు పనులు పడతాయి. అందుకే తలపైకి బట్టలు ఆరవేసేటప్పుడు మెట్లు ఎక్కినంత ఆయాసం. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగినప్పుడు బిగబడతారు. నీళ్ల బకెట్ ఎత్తినప్పుడు బిగబడతారు. ఒంటికాలి మీద నిలబడి తూలకుండా చూసుకునేటప్పుడు బిగబడతారు. మలబద్ధకంతో ముక్కేటప్పుడు బిగబడతారు.

పల్లెలో ఇరవై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు ఊది ఊది ఈ జబ్బు తెచ్చుకున్న ఒకామె నా దగ్గరికి వస్తారు, ఒక్క సిగరెట్ కూడా ముట్టని మనిషి. ఆమెకు నేను నేర్పిన మొదటి పాఠం ఆసనం కాదు. చేతులు ఎత్తుతూ పైకి వినబడేలా "ఒకటీ... రెండూ..." అని లెక్కపెట్టడం. నోట మాట వస్తున్నంతసేపు ఊపిరి ఆగదు.

చేసే పద్ధతి

ముక్కుతో మామూలుగా పీల్చండి, రెండు లెక్కలు. వేడి పాలు చల్లార్చడానికి ఊదినట్టు పెదవులు సన్నగా చేసి నాలుగు లెక్కల్లో వదలండి. నిండా పీల్చనక్కరలేదు, నిదానంగా వదలడమే ముఖ్యం. పెదవులు అలా సన్నగా ఉంటే లోపల ఎదురు ఒత్తిడి నిలిచి, మూసుకుపోయే గొట్టాలు కాసేపు తెరిచి ఉంటాయి. కష్టం ఉన్న చోట వదలాలి. వంగేటప్పుడు వదలండి, లేచేటప్పుడు వదలండి, మెట్టు ఎక్కేటప్పుడు వదలండి.

యోగాలో కుర్చీలో కూర్చొని చేసేవి, భుజాలు మెల్లగా తిప్పడం, తుమ్మెదలా ఝుమ్మంటూ, బిగబట్టకుండా చేసే భ్రామరి మీకు సరిపోతాయి. చైనా నుంచి వచ్చిన తాయ్ చీ ఇంకా బాగుంటుంది, నీళ్లలో కదిలినట్టు ఉంటుంది. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో చైనాలో 120 మంది సీఓపీడీ రోగులను రెండు జట్లుగా చేసి, ఒకరికి తాయ్ చీ, మరొకరికి ఆసుపత్రి పద్ధతి పునరావాస వ్యాయామాలు 12 వారాలు నేర్పారు. తాయ్ చీ జట్టు వెనకబడలేదు. శిక్షణ ఆగిన మరో 12 వారాలకు చూస్తే కాస్త ముందే ఉంది. అయితే రెండు జట్లకూ ముందుగా రోజువారీ ఇన్‌హేలర్ మొదలుపెట్టారు. ఈ సగం ఎవరూ చెప్పరు. వ్యాయామం బాగుంది కదా అని ఇన్‌హేలర్ మానకండి.

ఆయాసాన్ని సున్నా నుంచి పది దాకా మీరే కొలుచుకోండి. మూడు, నాలుగు దగ్గర ఉండాలి. చిన్న వాక్యం చెప్పగలగాలి. ఆక్సీమీటర్ 88 కంటే తగ్గితే ఆపి కూర్చోవాలి. కొత్తగా మొదలుపెట్టేవారు వాల్తేరులోని ఛాతీ ఆసుపత్రిలోనో, మీకు మందులిచ్చే డాక్టరు దగ్గరో ఒకసారి పరీక్ష చేయించుకొని రండి. ఊపిరితిత్తి మీద బుడగలు ఉన్నాయా అని ప్రత్యేకంగా అడగండి.

ఇక మన ఊరి చలికాలం. కైలాసగిరి ఒక పక్క, యారాడ కొండ ఒక పక్క, మధ్యలో గిన్నెలా ఊరు. తెల్లవారుజామున చల్లగాలి కింద ఉండిపోతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ, బొగ్గు దుమ్ము పైకి పోవు. సముద్రపు గాలి మంచిదని అయిదు గంటలకే బీచ్‌కు వెళ్తారు. ఆ వేళకు గాలి సముద్రం నుంచి రాదు, నేల మీది నుంచి సముద్రానికి పోతుంది. ఊరి పొగంతా మీ మీదుగానే వెళ్తుంది. ఎండ వచ్చాక, ఎనిమిది దాటాక వెళ్లండి. మంచు ఉంటే ఇంట్లోనే చేయండి.

కార్తికంలో చన్నీళ్ల తలస్నానం వద్దు, మాల వేసుకున్నా గోరువెచ్చని నీళ్లు పోసుకోండి. వ్యాయామం చేసే గదిలో సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట వెలిగించకండి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవారు కార్తిక దీపానికి కనీసం పది అడుగుల దూరం ఉండాలి, ఆక్సిజన్ గొట్టం పక్కన నిప్పు ఎంత చిన్నదైనా ప్రమాదమే. ఆయాసం ఎక్కువైందని ఆక్సిజన్ మీటను మీ అంతట మీరే పెంచకండి. కొందరిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మత్తులోకి జారిపోతారు. దీపావళి రాత్రి, మర్నాడు ఉదయం వ్యాయామం లేదు. భోగి మంటల దగ్గరికి వెళ్లకండి, టైర్లు వేసే మంట వైపు అసలే వద్దు. కిటికీలు మూసుకోండి. తిన్న గంటలోపు చేయకండి. తల గుండె కంటే కిందికి వంచకండి. శీర్షాసనం వద్దు. ఒక్కరే చేయకండి. ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు. కఫం పచ్చగా మారితే, జ్వరం వస్తే, కాళ్లు వాస్తే ఆ రోజు వ్యాయామం మాని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఫ్లూ టీకా వేయించుకోండి. వీడియో చూసి పోటీ పడకండి. గురువు పట్టి ఉంచమంటే లేచి వచ్చేయండి, మర్యాద తర్వాత చూసుకోవచ్చు. పక్కవారు ముప్పై లెక్కపెడితే పెట్టనివ్వండి. మీరు బిగబట్టకండి. పది కాదు, అయిదు కాదు, రెండు కూడా వద్దు.

ఛాతీలో ఒక పక్క హఠాత్తుగా పొడిచినట్టు నొప్పి వచ్చి ఆయాసం పెరిగితే, పెదవులు నీలమైతే, మాట తడబడితే 108కి ఫోను చేయండి. మనిషిని పడుకోబెట్టకండి. కుర్చీలో ముందుకు వంచి, మోచేతులు తొడల మీద ఆనించి కూర్చోబెట్టండి. గుండీలు విప్పండి. చుట్టూ మూగకండి. ఎదురుగా కూర్చొని, వారి కళ్లలోకి చూస్తూ, మీరే పెదవులు సన్నగా చేసి గాలి వదిలి చూపించండి. "పీల్చు, పీల్చు" అని అరవకండి. "వదలండి" అని మెల్లగా అనండి.