పరిణామ వృక్షం చదవడం – 4వ పాఠం: పక్కపక్కనుంటే చుట్టాలైపోరు

ఈసారి సహజవరణం మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠంలో మూడో అభ్యాసం చాలామందిని తికమకపెట్టింది. ట్యూనా చేపకు దగ్గరి చుట్టం సొరచేపా, మనిషా? ఎక్కువమంది సొరచేప అన్నారు. బొమ్మలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి మరి. జవాబు మాత్రం మనిషే. ట్యూనా కొమ్మా మన కొమ్మా విడిపోకముందే సొరచేప కొమ్మ వేరుపడిపోయింది. ‘చేప’ అన్నది మనం ఆకారం చూసి పెట్టుకున్న పేరు.

కొమ్మ, కణుపు గురించి మళ్ళీ వివరంగా చెప్పను. కొమ్మ అంటే ఒక వంశం సాగిన దారి, కణుపు అంటే రెండు కొమ్మలు చీలిన చోటు, అంటే వాటి ఉమ్మడి పూర్వీకుడు, కొన అంటే కొమ్మ చివరి జీవి. అసలు చిక్కు వరసతోనే.

కాగితం మీద ఎడమ నుంచి ఎలుక, బల్లి, మొసలి, పిచ్చుక అని రాయండి. మొసలినీ పిచ్చుకనూ ఒక కణుపులో కలపండి. అది సుమారు 25 కోట్ల ఏళ్ళ కిందటిది. ఆ జంటను బల్లితోనూ, ఆ మూడింటినీ ఎలుకతోనూ కలపండి. ఈ చివరి కణుపు వయసు 30 కోట్ల ఏళ్ళ పైమాటే. ఇప్పుడు బల్లి, మొసలి, పిచ్చుకల గుత్తిని కాడ పట్టుకుని తిరగేసి మళ్ళీ గీయండి. వరస ఎలుక, పిచ్చుక, మొసలి, బల్లి అయింది. ఎలుక పక్కకు పిచ్చుక వచ్చేసింది. అంతమాత్రాన ఎలుకకు పిచ్చుక దగ్గరైందా? లేదు. అప్పుడూ ఇప్పుడూ ఎలుకకు ఆ మూడూ సమానదూరమే, ఎందుకంటే మూడింటితోనూ అది కలిసేది ఒకే కణుపులో. మొసలికి ఒక పక్క బల్లి, మరో పక్క పిచ్చుక ఉన్నాయని రెండూ సమానం అనుకోవడం కూడా ఇదే పొరపాటు. మొసలికి పిచ్చుకే దగ్గర.

కొనల వరసకు ఏ అర్థమూ లేదు. 1837లో డార్విన్ తన నోటుపుస్తకంలో గీసుకున్న చెట్టులో కొమ్మలు తలో దిక్కుకూ పోతాయి. వాటికి ఎడమ నుంచి కుడికి వరసంటూ లేదు. చాలా పుస్తకాలు మనిషిని కుడిచివర పెడతాయి, దాంతో చదివేవాళ్ళకు అదేదో గమ్యంలా కనిపిస్తుంది. అందుకే నా బొమ్మల్లో మనిషిని మధ్యలో ఎక్కడో పెడతాను. వాలుగీతల చెట్లూ వాడను. వాటిలో ఒక గీత చెట్టు కాండంలా, మిగతావి దాని పిలకల్లా అనిపిస్తాయి.

నేను చేసేది ఇదే: రెండు కొనల మీదా రెండు చూపుడువేళ్ళు పెట్టి, అవి కలిసేదాకా కిందికి జరుపుతాను. ఎంత పైన కలిస్తే అంత దగ్గరి చుట్టరికం. తిమింగలంతో ముందు నీటిగుర్రం కలుస్తుంది, సొరచేప ఎంతో కింద కలుస్తుంది. పుట్టగొడుగు మొక్కల కంటే ముందు జంతువులతో కలుస్తుంది.

అభ్యాసం ఒక్కటే, కాస్త కష్టమైనది. ఎలుక, మొసలి, పిచ్చుకల గుండెకు 4 గదులు, బల్లికి 3. వేరు దగ్గర, అంటే అన్నిటికంటే కింది కణుపుకూ దిగువనున్న కాడలో, 3 అనుకుని, మార్పులు ఏ కొమ్మల మీద జరిగాయో గుర్తు పెట్టండి. రెండు దారులు దొరుకుతాయి, రెంటిలోనూ మార్పులు రెండే. ఇప్పుడు 3 గదులున్న తాబేలును మొసలి–పిచ్చుక కణుపుకు సరిగ్గా కింద చేర్చి, మళ్ళీ లెక్కపెట్టండి. ఏ దారి ఓడిపోయింది? ఎన్ని మార్పుల తేడాతో?