బండి కట్టి పడమరకు – 4వ పాఠం: ఏది ఎక్కిద్దాం, ఏది దించేద్దాం

పోయిన పాఠంలో పిల్లలతో అట్టముక్కలతో చేయించిన ఆరెగాన్ బండిని (1840ల్లో అమెరికా కుటుంబాలు సామాను వేసుకుని పడమటనున్న ఆరెగాన్‌కు వలస వెళ్లిన గూడుబండి) మళ్లీ బల్లమీద పెట్టండి. ఇవాళ సామాను ఎక్కించాలి, కానీ ముందు బండి బాగుచేసుకోవాలి. చాలామంది నాలుగు చక్రాలూ ఒకే కొలతకు కోశారు. కొలత ఇచ్చి కారణం చెప్పకపోవడం నా పొరపాటే. మన ఎడ్లబండికి ఒకటే ఇరుసు కాబట్టి ఎడ్లు తిరిగితే బండంతా తిరుగుతుంది. ఇది నాలుగు చక్రాల బండి, మలుపులో ముందు ఇరుసు ఒక్కటే పక్కకు తిరగాలి. ముందు చక్రం చిన్నదైతే తొట్టెకు ఒరుసుకోకుండా ఇంకాస్త తిరుగుతుంది. అసలు బండికి వెనక చక్రం సుమారు 50 అంగుళాలు, ముందుది 44. మీ బొమ్మకు 5 సెంటీమీటర్లు, 4.4 సెంటీమీటర్లు చాలు. ముందు ఇరుసును నడిమధ్య ఒకే గుండుసూదితో గుచ్చండి.

ఎడ్లకు ముకుతాడు, పగ్గాలు కట్టినవాళ్లు విప్పేయండి. అక్కడి ఎడ్లకు మూపురం లేదు. అందుకే కాడి కింద మెడచుట్టూ వంచిన కొయ్యబద్ద ఉంటుంది. తోలేవాడు ఎడమపక్కన నడుస్తూ నోటితోనే తోలుతాడు: ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకు.

ఇక అసలు తంటా. దాదాపు ప్రతి బండిలోనూ అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు గూడు కింద కూర్చుని చేతులూపుతున్నారు. సినిమా పోస్టర్లు చేసిన పని ఇది. ‘నడిచారు’ అని చెబితే పిల్లలు తలూపి, మళ్లీ బొమ్మల్ని లోపలే కూర్చోబెడతారు. కాబట్టి చెప్పొద్దు, తూకం వేయించండి.

వంటింటి డిజిటల్ త్రాసు తీసుకోండి. ఒక పౌండును ఒక గ్రాముగా లెక్కవేయండి. పౌండ్లను కిలోల్లోకి మార్చే పని పెట్టుకోకండి, పాఠం అక్కడే చచ్చిపోతుంది. బండి మోయగలిగింది 2,000 పౌండ్లు, అంటే మన లెక్కలో రెండు కిలోలు. 2,500 దాకా ఎక్కించినవాళ్లూ ఉన్నారు గానీ గీత 2,000 దగ్గరే గీయండి. లేకపోతే పిల్లలు బేరానికి దిగుతారు.

1845లో అచ్చయిన ఒక వలసదారుల మార్గదర్శి మనిషికి చెప్పిన దినుసులివి: పిండి 200 పౌండ్లు, బేకన్ (ఉప్పు పట్టించి నిలవచేసిన పందిమాంసం) 150, చక్కెర 20, కాఫీ 10, ఉప్పు 10. మొత్తం 390. పిండికి గోధుమపిండి, బేకన్‌కు కందిపప్పు వాడి విడివిడి సంచుల్లో తూచండి. పిల్లలిద్దరినీ పదేళ్లు దాటినవాళ్లుగా, పూర్తి వాటాతోనే లెక్కించండి. నలుగురికి 1,560 గ్రాములు. మిగిలింది 440.

ఇప్పుడు మనుషుల్ని ఎక్కించమనండి. నాన్న 160, అమ్మ 130, పిల్లలు 90, 70. మొత్తం 450. దుప్పటి కూడా పెట్టకముందే పది ఎక్కువైంది! అందరినీ దించేస్తే తప్ప గుడారం, గొడ్డలి ఎక్కవు. రోగులు, చంటిపిల్లలు, నెలలు నిండినవాళ్లు ఎక్కేవారు. మిగతావాళ్లు మిస్సోరీలోని ఇండిపెండెన్స్ నుంచి ఆరెగాన్‌లోని విల్లామెట్ లోయ దాకా దాదాపు 2,000 మైళ్లలో చాలా భాగం నడిచినవాళ్లే. బరువొక్కటే కారణం కాదు. తొట్టె కింద స్ప్రింగులు లేవు. పొద్దున పితికిన పాలను బిందెలో పోసి బండికి వేలాడదీస్తే, కుదుపులకే సాయంత్రానికి వెన్న పడేది. కవ్వం పని బండే చేసిందంటే, అందులో కూర్చోవాలని ఎవరికుంటుంది?

మిగిలిన 440లో ఇవి పెట్టండి. ఈ అంకెలు పాఠం కోసం వేసుకున్న అంచనాలు: నీళ్లపీపా 80 (ఒక గ్యాలన్ నీళ్లే ఎనిమిది పౌండ్లు దాటుతాయి), గుడారం, పక్కలు 120, గొడ్డలి, పార, రంపం, తాళ్లు 70, బట్టలు 60, తుపాకీ, మందుగుండు 50, ఇనప వంటపాత్రలు 40. ఇంకా 20 గ్రాములు ఉంది. అందులో ఐదు గ్రాములు చొక్కాలకు, చేపగాలాలకు పక్కన పెట్టించండి. దారిలో స్నేక్ నది దగ్గర షొషోని అనే ఆదివాసులిచ్చే సాల్మన్ చేపకు మారకం అవే. ఆ దారి పొడుగునా నేల ఎవరిదన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది, రానివ్వండి. దానికి వచ్చే పాఠమంతా ఉంది. చివరి 15 గ్రాముల్లో ఏం పెట్టాలో పిల్లలనే కొట్లాడుకోనివ్వండి. ఇనప పొయ్యి అడిగితే, 1849లో ఆ దారిలో వచ్చే ఫోర్ట్ లారమీ అనే కోట దగ్గర దారిపక్కన పొయ్యిలు, పెట్టెలు, చివరికి బేకన్ కూడా కుప్పలుగా పారేసిపోయారని చెప్పండి. ఎడ్లు కూలబడితే బరువు దించక తప్పదు.

సర్దేటప్పుడు బరువు అడుగున, ఇరుసుల మధ్య. రాత్రికి కావలసినవి వెనక అంచున. వేడికి కొవ్వు కరిగిపోకుండా బేకన్‌ను తవుడులో పాతాలి. కందెన బకెట్ తొట్టెలోకి రాదు, వెనక ఇరుసుకు వేలాడుతుంది.

అభ్యాసం: బండి గంటకు రెండు మైళ్లు, రోజుకు 15 మైళ్లు. మూడు రోజులు వరుసగా, రోజుకు రెండు గంటలు పిల్లలతో నాలుగేసి మైళ్లు నడవండి. మధ్యలో ఎండుపుల్లలు ఏరి ఒడిలో వేసుకోవాలి. చెట్లు లేని చోట అక్కడి పిల్లలు ఎండిన అడవిదున్న పేడ ఏరుకొచ్చేవారు. పిడకల పొయ్యి చూసిన అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఆమెనూ వెంట తీసుకెళ్లండి. మూడో రోజు ఇంటికొచ్చాక, కాళ్లు కడుక్కోకముందే, 2,000ను 15తో భాగించమనండి. నదుల దగ్గర ఆగిన రోజులు అందులో లేవు.