ఇంక్‌జెట్‌లో తీసిన బార్‌కోడ్ స్కానర్‌కు అందాలంటే

బరంపురం, పర్లాకిమిడి వైపు అప్పడాలు, పచ్చళ్లు ప్యాక్ చేసేవాళ్లకు వానాకాలంలో వచ్చే తంటా ఇది: లేబుల్ కంటికి బాగానే ఉంటుంది, స్కానర్ చదవదు. తేమ పట్టిన మామూలు కాగితంలో సిరా పాకి నల్ల గీతలు లావెక్కుతాయి, మధ్య తెల్ల సందులు పూడుకుపోతాయి. ఇంక్‌జెట్ పూత ఉన్న మ్యాట్ లేబుళ్లే కొనండి. మిగిలిన షీట్లను గాలి చొరని కవర్లో ఉంచండి.

ఈఏఎన్-13లో (సరుకుల మీద ఉండే 13 అంకెల బార్‌కోడ్) సన్నగీత ప్రామాణిక వెడల్పు 0.33 మి.మీ. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) 8 చుక్కలు పెడితే సుమారు 0.339 మి.మీ. వస్తుంది. చుక్కల లెక్క పూర్ణసంఖ్యలోనే ఉండాలి, కాబట్టి ప్రింట్ చేసేటప్పుడు సైజు మార్చేసే ‘ఫిట్ టు పేజ్’ వద్దు, 100 శాతమే. అయినా గీత లావుగా పడుతుంటే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి నల్ల గీతకూ ఒక చుక్క తగ్గించండి. అసలు మందు అదే. బార్‌కోడ్‌కు ఎడమ 4, కుడి 2.5 మి.మీ.కు తగ్గకుండా ఖాళీ వదలండి. గీతల అంచులు రంపంలా కనిపిస్తే ప్రింటర్ సెట్టింగ్స్‌లో హెడ్ అలైన్‌మెంట్ (సిరా చిమ్మే హెడ్‌ను సరిచేయడం) చేసి, హైస్పీడ్ ప్రింటింగ్ ఆపండి. ఎర్ర గీతలు వద్దు, ఎర్ర కాంతి స్కానర్‌కు అవి కనబడవు.