ఆయనది అమెరికా పాస్‌పోర్టు, కాపురం కొండాపూర్‌లో: రెండేళ్ల గ్రీన్‌కార్డు కాపాడుకోవడం ఎలా

పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికా పౌరుడి భార్యగానో, పౌరురాలి భర్తగానో గ్రీన్‌కార్డు పుచ్చుకుంటే అది రెండేళ్లదే వస్తుంది. దొంగ పెళ్లిళ్లను అడ్డుకోవడానికి 1986లో తెచ్చిన నిబంధన ఇది. ఆ రెండేళ్లు అయ్యేలోపు, మా పెళ్లి నిజమైనదే, షరతు తీసేయండి అని ఇద్దరూ కలిసి అడగాలి. అక్కడే ఉండేవాళ్లకు ఇది ఒక ఫారం పని. కార్డు చేతికొచ్చాక మాలాగా ఇండియాలో కాపురం పెట్టినవాళ్లకు మాత్రం తలనొప్పే.

మా ఆయన చదువుకని వెళ్లి, అక్కడే ఉద్యోగం, పౌరసత్వం అన్నీ సంపాదించుకున్నారు. నాది తెనాలి. పెళ్లికి ముందు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూసేదాన్ని. ముంబైలో వీసా ఇంటర్వ్యూ అయి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సామాను సర్దుకున్నామో లేదో, కంపెనీ ఆయన్ని హైదరాబాద్ ఆఫీసుకు వేసింది. అప్పటినుంచి కొండాపూర్‌లో అత్తగారింట్లోనే ఉంటున్నాం. మా చుట్టాల్లో ఇలాంటి పరిస్థితి ఎవరికొచ్చినా ఫోను నాకే వస్తుంది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

అందరూ అడిగేది ఒక్కటే. "అక్కా, ఆరు నెలలకోసారి వెళ్లి ముఖం చూపించి వస్తే చాలుగా?" చాలదు. ఇక్కడ నడుస్తున్నవి రెండు వేరువేరు లెక్కలు. మీరు ఇంకా అమెరికా నివాసేనా, ఆ నివాసం వదిలేసుకున్నారా అన్నది ఒకటి. రెండేళ్ల షరతు తీయించుకోవడం ఇంకొకటి. మొదటిదానికి చేసిన పని రెండోదానికి పనికిరాదు. ఏడాదికి మించి బయట ఉండటానికి ముందే తీసుకునే రీఎంట్రీ పర్మిట్ ఉంది కదా అని షరతు తీయించే ఫారం వేయకుండా కూర్చుంటే కార్డు గడువుతోపాటు హోదా కూడా పోతుంది. ఫారం వేశాం కదా అని ఏడాదిన్నర ఇండియాలో ఉండిపోయినా అంతే.

అసలు ఇంకా అమెరికాలో దిగనివాళ్లకు ముందో మాట. వీసా వచ్చాక వెళ్లడానికి సాధారణంగా ఆరు నెలల వ్యవధి ఉంటుంది. పెళ్లయి రెండేళ్లు నిండటానికి కొద్ది వారాలే ఉంటే ఆగండి. రెండో పెళ్లిరోజు దాటాక దిగితే వీసా మీద సీఆర్1 (రెండేళ్ల షరతు రకం) అని ఉన్నా ఐఆర్1 (షరతు లేని రకం) కింద తీసుకుని పదేళ్ల కార్డు ఇవ్వాలి. కౌంటర్లో ఆఫీసర్‌కు పెళ్లి తేదీ చూపించి మీరే అడగండి. ఆ కాస్త ఓపికతో కిందున్న సగం తిప్పలు తప్పుతాయి.

ఇక బయట ఉండే కాలం సంగతి. ఒకేసారి 180 రోజులు దాటి బయట ఉండి తిరిగి వెళ్తే కొత్తగా ప్రవేశం అడుగుతున్న మనిషిగా చూసే అధికారం వాళ్లకుంది. ఏడాది దాటితే కార్డు ఒక్కదానితో లోపలికి రానివ్వరు. పర్మిట్ లేకుండా ఏడాది దాటినవాళ్లు కాన్సులేట్‌లో ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా అడగాలి. మన చేతిలో లేని కారణం వల్లే ఆగిపోయామని రుజువు చేస్తే తప్ప అది రాదు. ఉద్యోగం ఇక్కడ బాగుంది అన్నది కారణం కిందకు రాదు. సైన్యంలోనో అమెరికా ప్రభుత్వ కొలువులోనో ఉండి ఆర్డర్ల మీద విదేశానికి వచ్చినవాళ్ల భార్యాభర్తలకు ఈ ఏడాది నియమం నుంచి మినహాయింపు ఉంది. మనలో అలాంటివాళ్లు తక్కువ.

ఆరు నెలల లోపలే తిరుగుతున్నా సరే, ఏటా పదకొండు నెలలు ఇక్కడ, ఒక నెల అక్కడ అన్నట్టుంటే ఆఫీసర్ ఊరుకోడు. వాళ్లు చూసేది రోజులొక్కటే కాదు, తిరిగొచ్చే ఉద్దేశం ఉందా లేదా అని. ఇండియాకు వచ్చింది ఫలానా పని మీద, ఫలానా గడువు వరకు అని చూపించగలగాలి. మా దగ్గర దానికి గట్టి కాగితం కంపెనీ ఇచ్చిన ఉత్తరం. పోస్టింగ్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, తరవాత న్యూజెర్సీ ఆఫీసుకే తిరిగి వెళ్లాలి అన్న మూడు ముక్కలూ అందులో ఉన్నాయి. అక్కడి బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, స్టోరేజీలో పెట్టిన సామానుకు నెలనెలా కడుతున్న అద్దె రసీదులు కూడా ఫైల్లో పెట్టాను. స్టోరేజీ అద్దె దండగ అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. మనం అక్కడ ఇల్లు ఎత్తేయలేదని చెప్పే కాగితాల్లో అదొకటి అత్తయ్యా అంటాను.

ఏడాదికి మించి ఉండాల్సి వస్తుందనిపిస్తే రీఎంట్రీ పర్మిట్. ఫారం ఐ-131. 2024 ఏప్రిల్‌లో మారిన ధరల ప్రకారం 630 డాలర్లు. ఇది వేసేనాటికి మీరు అమెరికా గడ్డ మీద ఉండాలి, ఇక్కడినుంచి వేయడం కుదరదు. వేలిముద్రలు కూడా అక్కడే ఇవ్వాలి. అవి అయ్యాక బయల్దేరవచ్చు. పర్మిట్‌ను హైదరాబాద్ కాన్సులేట్‌కు పంపమని ఫారంలోనే రాసుకోవచ్చు. కానీ మనలాంటివాళ్లకు ఒక మెలిక ఉంది. మామూలు గ్రీన్‌కార్డువాళ్లకు పర్మిట్ రెండేళ్లు చెల్లుతుంది. షరతు ఉన్నవాళ్లకు రెండేళ్లో, షరతు తీయించుకోవాల్సిన తేదీయో, ఏది ముందొస్తే అంతవరకే. పైగా పర్మిట్ చేతికి రావడానికే నెలలకు నెలలు పడుతోంది. కార్డుకు ఎనిమిది నెలలే మిగిలి ఉంటే ఆ డబ్బు పెట్టడం నా లెక్కలో దండగ. ఏడాది దాటకుండా ఒకసారి వెళ్లి రావడమే నయం.

ఇప్పుడు అసలు పని, షరతు తీయించే ఫారం ఐ-751. కార్డు గడువు తేదీకి ముందున్న 90 రోజుల్లోనే వేయాలి. ఒక్కరోజు ముందు చేరినా తిప్పి పంపుతారు. గడువు దాటితే ఆలస్యానికి బలమైన కారణం రాసి ఒప్పించుకోవాలి. పోస్టు చేసిన తేదీ కాదు, వాళ్లకు అందిన తేదీ లెక్క. ఫారం వేసేటప్పుడు అమెరికాలో ఉండనక్కర్లేదని నిబంధనల్లోనే ఉంది. అయితే వేలిముద్రలకో ఇంటర్వ్యూకో పిలిస్తే వెళ్లాలి. ఇంటర్వ్యూకైతే భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. ఫీజు 750 డాలర్లు. 2025 అక్టోబర్ ఆఖరు నుంచి చెక్కులు తీసుకోవడం మానేశారు. అమెరికా బ్యాంకు కార్డుతోనో, అక్కడి ఖాతాలోంచి నేరుగానో కట్టాలి. ఇండియాకు వచ్చేశాం కదా అని అక్కడి ఖాతా మూసేసినవాళ్లు ఇక్కడ చిక్కుకుంటారు. ఫీజులు మారుతుంటాయి కాబట్టి వేసే రోజున ఈ ఫారాలు చూసే అమెరికా ఆఫీసు యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

సంతకాలు ఇద్దరివీ చేత్తో పెట్టినవే ఉండాలి. చేత్తో పెట్టిన సంతకాన్ని స్కాన్ చేసిన ప్రింటు కూడా ఒప్పుకుంటారు కాబట్టి కొండాపూర్‌లో సంతకాలు పెట్టి, స్కాన్ పంపి, అక్కడున్న మరిది చేత పోస్టు చేయించవచ్చు. పేరు టైపు చేస్తే మాత్రం చెల్లదు.

ఉమ్మడి కుటుంబాల్లో ఉండేవాళ్లకు కష్టం రుజువుల దగ్గరే. వాళ్లు అడిగే జాబితాలో ఉండేవి ఇద్దరి పేరునా ఉన్న అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లాంటివి. మా ఇల్లు మామయ్యగారి పేరున ఉంది. కరెంటు మీటరూ ఆయనదే. గ్యాసు కనెక్షన్ అత్తగారిది. మేమిద్దరం ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఒక్క బిల్లూ చెప్పదు. అందుకని వేరే దారిన వెళ్లాను. ఇద్దరి పేరునా బ్యాంకు ఖాతా తెరిచి జీతం అందులోనే పడేలా చేయించాను. ఖాళీగా ఉన్న జాయింట్ ఖాతా ఎవరినీ నమ్మించదు. అందులోంచి పాలవాడికి, కిరాణా కొట్టుకు, స్కానింగ్ సెంటర్‌కు వెళ్లిన డబ్బు కనిపించాలి. ఎల్‌ఐసీ పాలసీలో నామినీగా నా పేరు, ఆయన పీఎఫ్‌లో నామినేషన్, ఆఫీసు ఆరోగ్య బీమాలో నేను ఉన్నట్టు కార్డు పెట్టాను. నా పాస్‌పోర్టు ఆఖరి పేజీలో ఆయన పేరు, కొండాపూర్ చిరునామా వేయించాను. ఒకే పీఎన్‌ఆర్ మీద ఇద్దరం ప్రయాణించిన టికెట్లన్నీ దాచాను. వీటన్నిటికంటే బలమైనది ఇద్దరూ కలిపి వేసిన అమెరికా టాక్స్ రిటర్ను. మామయ్యగారి చేత ఒక అఫిడవిట్, పెళ్లికి వచ్చిన మా ఆయన స్నేహితుడి చేత ఇంకొకటి రాయించాను. "వీరిది అన్యోన్య దాంపత్యం" అని రాస్తే సరిపోదు. ఏ నెల నుంచి ఏ ఇంట్లో ఉంటున్నారు, తనకెలా తెలుసు అన్నది ఉండాలి.

శుభలేఖ లాంటి తెలుగు కాగితం ఏది పెట్టినా పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. నాకు రెండు భాషలూ వచ్చు, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉంది అని అనువదించినవాళ్లు రాసి సంతకం చేస్తే చాలు, నోటరీ అక్కర్లేదు. మీరే చేసుకోకుండా వేరేవాళ్ల చేత చేయించండి. పెళ్లి ఆల్బం మొత్తం పంపకండి. పెళ్లిరోజు నుంచి మొన్నటి పండగ దాకా, వేరువేరు కాలాల్లో, ఇంట్లోవాళ్లతో దిగినవి ఓ పది పన్నెండు చాలు. వెనక తేదీ, ఊరు రాయండి. మేం ఇండియాలో ఎందుకు ఉంటున్నాం, ఎప్పుడు తిరిగొస్తాం అని ఒక పేజీ ఉత్తరం కూడా పైన పెట్టాను. ఆఫీసర్ మనసులో పుట్టే మొదటి ప్రశ్న అదే.

ఫారం అందాక రసీదు నోటీసు వస్తుంది. ఇప్పుడు మీ కార్డుకు ఊపిరి అదే. గడువు తీరిన కార్డును 48 నెలల పాటు పొడిగిస్తున్నట్టు అందులో రాసి ఉంటుంది. అది అమెరికా చిరునామాకే తెప్పించుకోండి. మా మరిది ఉండే అపార్ట్‌మెంట్‌లో టపాపెట్టె మీద పేరు లేకపోతే పోస్టుమ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. నా పేరు కూడా ఒక చీటీ మీద రాసి పెట్టె లోపల అంటించమన్నాను. ఫార్వర్డింగ్ పెట్టుకున్నాం కదా అనుకోవద్దు, ఈ ఆఫీసు ఉత్తరాలు సాధారణంగా అలా రావు. వచ్చాక అసలు కాగితాన్నే కొరియర్‌లో తెప్పించుకోండి.

ఎందుకంటే శంషాబాద్‌లో చెకిన్ దగ్గర అమ్మాయి మొదట చూసేది కార్డు మీద తేదీనే. నాకైతే ఆ అమ్మాయి కార్డును అటూ ఇటూ తిప్పి, "మేడమ్, ఇది ఎక్స్‌పైర్ అయింది" అని సూపర్‌వైజర్‌ను పిలిచింది. కార్డు పక్కనే నోటీసు పరిచి, పొడిగింపు అని ఉన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించాను. కంప్యూటర్లో వాళ్ల నిబంధనలు చూసుకుని, రెండూ కలిపి ఫొటోకాపీ తీసుకుని బోర్డింగ్ పాస్ ఇచ్చారు. దానికే చాలాసేపు పట్టింది. కాబట్టి ముందుగా వెళ్లండి, నోటీసును సూట్‌కేసులో పెట్టకండి. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. ఏదైనా తేడా వస్తే న్యూయార్క్ దాకా వెళ్లకుండా అక్కడే ఆగుతారు.

ఆఫీసర్ ఎన్నాళ్లు బయట ఉన్నారు, ఏం చేస్తున్నారు అని అడుగుతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కంపెనీ ఉత్తరం చూపించండి. ఐ-407 అనే ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటే మాత్రం తొందరపడకండి. గ్రీన్‌కార్డు నేనే వదులుకుంటున్నాను అని రాసిచ్చే కాగితం అది. అమెరికాలో దిగాక అడిగినప్పుడు సంతకం పెట్టకపోతే విషయం ఇమిగ్రేషన్ జడ్జి ముందుకు వెళ్తుంది. ఆ హక్కు మీకుంది.

టాక్స్ గురించి నేను కాస్త గట్టిగానే చెప్తాను, మా ఆడిటర్ గారి శిక్షణ అది. ఇండియాలో ఎన్నాళ్లున్నా రెసిడెంట్‌గానే 1040, అంటే అమెరికా నివాసుల టాక్స్ రిటర్ను, వేయాలి. డబ్బు మిగులుతుందని ఎవరైనా నివాసులు కానివాళ్లు వేసే 1040-ఎన్‌ఆర్ వేయమంటే వినకండి. నేను అక్కడి నివాసిని కాను అని మీరే ప్రభుత్వానికి రాసిచ్చినట్టవుతుంది. ఇక్కడి జీతానికి ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ ఉంది, ఫారం 1116. మనకు ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్లకు జనవరి నుంచి డిసెంబర్. అందుకే నెలవారీ జీతం చీటీలన్నీ దాచుకోవాలి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (అమెరికా బయట ఉన్న ఖాతాల వివరాలు చెప్పే ఫారం) వేయాలి. అమ్మతో కలిపి ఉన్న ఎఫ్‌డీ కూడా అందులోకి వస్తుంది.

పౌరసత్వం మీద కన్ను ఉంటే, పౌరుల జీవిత భాగస్వాములకు మూడేళ్ల దారి ఉంది. కానీ అందులో 18 నెలలు అమెరికాలో ఉండి తీరాలి, కొండాపూర్ రోజులు అందులోకి రావు. అయితే మాలాంటివాళ్లకు 319(బి) అని ఇంకో దారి ఉంది. అమెరికా కంపెనీయో దాని అనుబంధ సంస్థో పౌరుడైన భర్తను విదేశంలో పనికి పెడితే, ఆ పని కనీసం ఏడాది సాగేదైతే, గ్రీన్‌కార్డు ఉన్న భార్య ఆ మూడేళ్లు ఆగకుండానే దరఖాస్తు చేసుకోవచ్చు. కంపెనీ అర్హతకు షరతులున్నాయి, ఇక్కడ మాత్రం లాయర్‌కు డబ్బు పెట్టండి. నేను ఇంకా ఆలోచిస్తున్నాను. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున మన పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైపోయిన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో వారసత్వంగా వచ్చే పొలం ఉంచుకోవచ్చు గానీ కొత్తగా ఎకరం కొనలేం. తెనాలివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

కాపురం చెడితే ఏమిటని అడిగేవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు. విడాకులైతేనో, హింస ఉంటేనో భర్త సంతకం లేకుండా ఒక్కరే ఐ-751 వేసుకోవచ్చు. కార్డు, పాస్‌పోర్టు, రసీదు నోటీసు అత్తవారి బీరువాలో కాకుండా మీ దగ్గరే ఉంచుకోండి. ఆడపిల్లలకు ఈ మాట మరీ మరీ చెప్తాను. కార్డు పోతే కాన్సులేట్‌లో ఐ-131ఏ వేసి ప్రయాణానికి అనుమతి తెచ్చుకోవచ్చు.

ఇంతా చదివి, ఇంకో ఐదేళ్లు వెళ్లేది లేదు అనుకునేవాళ్లు నిజంగా వదులుకోవడమే మంచిది. ఐ-407 వేసేసి, చూడ్డానికి వెళ్లాలంటే విజిటర్ వీసా తెచ్చుకోండి. భర్త పౌరుడైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు భార్యకు గ్రీన్‌కార్డు అడిగే ఐ-130 ఫారం మళ్లీ వేయవచ్చు, ఆ కోటాకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. అప్పటికి పెళ్లయి రెండేళ్లు ఎలాగూ దాటి ఉంటుంది కాబట్టి ఈసారి వచ్చేది పదేళ్ల కార్డే. భర్తకు కూడా గ్రీన్‌కార్డే ఉండి పౌరసత్వం లేకపోతే మాత్రం ఈ సలహా మీకు కాదు, ఆ క్యూ వేరు.