ఈతకు మెరుగులు దిద్దుకోబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

చిన్నప్పుడు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని ఊరి బావిలో ఈత నేర్చినవాళ్లకు ‘నేను మునగను’ అన్న ధీమా ఉంటుంది. నలభై దాటాక ఫ్రీస్టైల్ (బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పే ఈత) సరిగ్గా నేర్చుకుందామని పూల్‌కి వెళ్లేటప్పుడు ఆ ధీమా విషయంలోనే జాగ్రత్తగా ఉండాలి.

• బీపీ, గుండె జబ్బు, ఫిట్స్, చెవిలో చీము ఉంటే ముందు డాక్టరును అడగండి. కోచ్‌కూ చెప్పండి. భుజం నొప్పిని అస్సలు దాచొద్దు. చెయ్యి తిప్పే తీరు తప్పితే అది ముదురుతుంది.

• కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. పవర్ ఉన్న గాగుల్స్ దొరుకుతాయి.

• పూల్ అడుగు స్పష్టంగా కనిపించాలి. ఘాటు వాసన శుభ్రతకు గుర్తు కాదు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తేనే ఆ ఘాటు. అందుకే స్నానం చేసి దిగండి.

• అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి. బావి ఈతలో తల పైకెత్తడం అలవాటు. తల లేస్తే కాళ్లు కుంగుతాయి, ఆయాసం వస్తుంది. నోటితో పైన పీల్చి, నీళ్లలో ముక్కుతో మెల్లగా వదలడం ముందే ఇంట్లో బకెట్‌లో ముఖం పెట్టి సాధన చేయండి. నాకు బాగా పనికొచ్చింది ఇదే.

• గబగబా శ్వాసలు తీసి ఊపిరి బిగబట్టే పందేలు మాత్రం వద్దు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరాడని సంగతి తెలిసేలోపే నీళ్లలో స్పృహ తప్పవచ్చు.

• లైఫ్‌గార్డ్ లేని వేళ దిగొద్దు.