గోడ బీటలకి లప్పం పెట్టే ముందు, ఇల్లు కుంగుతోందేమో చూడండి

గుంటూరు వైపు నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో ఎండాకాలం గోడకి ఒక బీట విచ్చుకుంటుంది, వానలు పడ్డాక అదే బీట సగం మూసుకుపోతుంది, దాంతో "ఏం లేదులే" అని లప్పం పెట్టించి రంగేయించేస్తారు. మళ్లీ ఎండాకాలానికి అదే చోట అదే బీట. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలిస్తుంది, లోతు లేని పునాది అయితే దాంతోపాటే లేస్తూ దిగుతూ ఉంటుంది. విజయవాడ సంగతి వేరు. అక్కడ కృష్ణ ఒండ్రు, ఇసుక, మధ్యలో మెత్తని బంకమట్టి, పైగా బుడమేరు వైపు పల్లపు స్థలాల్లో మెరక తోలి కట్టిన ఇళ్లు. మెరక మట్టిని పొరపొరకీ తడిపి దిమ్మిస కొట్టకపోతే అది ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా, అలా నానిన ఇళ్లవాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చూసుకోవాలి.

అన్ని బీటలూ కుంగుబాటు కాదు. సాలెగూడులా అల్లుకున్న సన్న గీతలు ప్లాస్టరింగ్‌వి, వదిలేయండి. పిల్లర్‌కీ ఇటుక గోడకీ మధ్య నిటారుగా వచ్చే గీత కూడా ఎక్కువగా ఆ అతుకుదే. అనుమానించాల్సింది కిటికీ మూల నుంచో గుమ్మం మూల నుంచో ఏటవాలుగా బయల్దేరి, ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా పోయే బీటని. అది ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉండి, గోడకి లోపలా బయటా ఒకే చోట కనపడితే దాదాపు ఖాయమే. తలుపు పట్టేయడం కూడా గుర్తే, కానీ వానాకాలంలో చెక్క ఉబ్బి పట్టేస్తే దానికి కంగారు పడకండి, మండు వేసవిలోనూ పట్టేస్తుంటే ద్వారబంధం వాలిందేమో చూడండి.

ఇంకో తేడా ఉంది. గోడలన్నీ బాగానే ఉండి నేల మాత్రం దిగి, స్కర్టింగ్ (గోడ అడుగున అతికించే టైల్ పట్టీ) కింద సందు వచ్చిందంటే కుంగింది పునాది కాదు, గచ్చు కింద నింపిన మట్టి. టైల్స్ లేపి, మట్టి గట్టిపరిచి మళ్లీ వేస్తే సరిపోతుంది. దీనికి పునాది రిపేరు అని ఎవరైనా లక్షలు చెబితే దణ్ణం పెట్టి పంపించేయండి.

బీట పెరుగుతోందో లేదో తెలియాలంటే రెండు కొసల్లో పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి తేదీ రాయండి, బాగా విచ్చుకున్న చోట వెడల్పు కొలిచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. నెలకోసారి చాలు, కాకపోతే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటేదాకా చూడాలి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటినా, వారం వారానికి పెరుగుతున్నా, పిల్లర్‌కో బీముకో బీట పడినా ఇలా చూస్తూ కూర్చోవద్దు. ఆ గదిలో పడుకోవడం మానేసి వెంటనే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. మేస్త్రి కాదు, రంగులాయన అసలే కాదు.

ఈలోపు మీరు చేయగలిగింది నీళ్ల సంగతి తేల్చడం. సగం ఇళ్లకి ఇక్కడే మందు దొరుకుతుందని నా నమ్మకం. మనవాళ్లు వాస్తు ప్రకారం సంపుని ఈశాన్యం మూల, పునాదికి ఆనించినట్టే తవ్విస్తారు, అది కారితే నానేది ఆ మూలే. రాత్రి నిండా నింపి, వాడకుండా వదిలేసి తెల్లారి మట్టం చూడండి. సెప్టిక్ ట్యాంక్, బాత్రూం పైపులు, డాబా మీది వాననీరు గోడ మొదట్లోకే పడుతోందా, అన్నీ చూడాలి. తర్వాత ఇంటి చుట్టూ మీటరు వెడల్పున కొంత నల్లమట్టి తీసేసి, గ్రావెల్ కొట్టి, బయటికి వాలుగా గచ్చు చేయించండి. గోడ పక్కన పెద్ద చెట్టుంటే ఇంజనీర్‌ని అడక్కుండా కొట్టేయకండి, కొట్టేస్తే అది పీల్చే తడి నేలలోనే ఉండిపోయి నల్లరేగడి ఉబ్బి, ఈసారి ఇల్లు పైకి లేస్తుంది.

పక్క స్థలంలో సెల్లార్ తవ్వబోతున్నారని తెలిస్తే వాళ్లు మొదలెట్టకముందే మీ గోడలన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి. అంచుకి ఆధారం లేకుండా తవ్వేస్తుంటే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

పునాదే బలపరచాలని ఇంజనీర్ చెబితే ముందు మట్టి పరీక్ష చేయించమనండి, ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కూడా చేస్తారు. పునాది కింద తవ్వి కాంక్రీటు పోసే పని ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి జరగాలి. గోడ పొడవునా ఒకేసారి తవ్వుతానన్నవాణ్ణి ఆపేయండి. కదలిక ఆగిందని తేలాకే బీటకి అడ్డంగా రాడ్లు కుట్టించి పూడ్పించాలి, రంగు ఆ తర్వాతే.

ఇన్సూరెన్స్ ఉందని ధీమా పడేవాళ్లకి ఒక మాట. 2021 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో నేల కుంగడం ఉంది, కానీ కొత్త ఇంటికి మామూలుగా వచ్చే బీటలు, మెరక తోలిన నేల దిగడం, డిజైన్‌లో పనితనంలో లోపాలు, తవ్వకాల వల్ల వచ్చిన నష్టం అందులోకి రావు. క్లెయిమ్ పెట్టే ముందు పాలసీ కాగితంలో ఆ పేరా ఒకసారి చదువుకోండి, ఆ తేదీలు రాసిన ఫోటోలు కూడా దగ్గర పెట్టుకోండి.