ఆంప్ మోగుతోంది, కానీ పస లేదు

మా బావమరిది కారులో పాట మోగేది గానీ పక్క గదిలో ఎవరో పాడుతున్నట్టుండేది. ఆంప్లిఫయర్ ముసలిదైపోయిందని తీర్మానించేసి కొత్తది బిగించాడు. మళ్లీ అదే నీరసం. అప్పుడు నన్ను పిలిచాడు. చూస్తే ఎడమ తలుపు స్పీకరుకి ప్లస్సు, మైనస్సు వైర్లు తారుమారయ్యాయి. అంతే.

నేనీ పని సరదాకి చేస్తుంటాను. నేను చూసినంతలో ఆంప్ పోతే పూర్తిగా పోతుంది, లేదా ప్రొటెక్ట్ లైటు (తనని కాపాడుకోవడానికి ఆగిపోయానని చెప్పే లైటు) వెలిగించుకుని కూర్చుంటుంది. మెల్లమెల్లగా గొంతు తగ్గించుకోవడం అరుదు. అందుకే దాన్ని ఆఖరున అనుమానిస్తాను.

సౌండ్ ఎంత తగ్గిందో, ఎప్పుడు తగ్గుతోందో ముందు చెవితో వినండి. పవర్ సగానికి పడిపోయినా తగ్గేది 3 డెసిబెల్సే. సౌండ్ సగమైపోయినట్టు అనిపించాలంటే పవర్ దాదాపు పదో వంతుకి రావాలి. ఆంప్ దగ్గర వోల్టేజీ 14.4 నుంచి 11.5కి జారినా చెవికి తెలిసేది 2 డెసిబెల్స్ తేడా. కాబట్టి అన్ని పాటలూ ఎప్పుడూ నీరసంగా ఉంటే సిగ్నల్, సెట్టింగులు, స్పీకర్ వైర్ల వైపు చూడండి. మామూలుగా బాగుండి, బాస్ గట్టిగా పడినప్పుడు మాత్రం చతికిలబడితే కరెంటు వైపు చూడండి.

సెట్టింగులతో మొదలుపెట్టండి, పానా పట్టే పనే లేదు. బ్లూటూత్‌లో వింటుంటే ఫోన్ వాల్యూమ్ నిండా ఉందా? ఫేడర్ (ముందు, వెనక స్పీకర్లకి సౌండ్ పంచే సెట్టింగు) మధ్యలో ఉందా? ఆంప్‌కి వెళ్లే ఆర్‌సీఏ వైర్లు (సిగ్నల్ మోసేవి) స్టీరియో రియర్ అవుట్‌పుట్‌లో ఉండి, ఎవరో ఫేడర్‌ని పూర్తిగా ముందుకి నెట్టేస్తే ఆంప్‌కి అందేది దాదాపు శూన్యం. దీని మీద నేనే ఒక ఆదివారం సాయంత్రమంతా పోగొట్టుకున్నాను, డిక్కీ మొత్తం విప్పి. ఆంప్ మీద ఉండే ఫిల్టర్ స్విచ్ కూడా చూడండి. తలుపు స్పీకర్లకి లో పాస్ (లావు శబ్దాల్నే పోనిచ్చేది) పెట్టి ఉంటే గొంతులు దుప్పటి కప్పుకున్నట్టు వస్తాయి. సబ్‌వూఫర్‌కి హై పాస్ (సన్న శబ్దాల్నే పోనిచ్చేది) పెట్టి ఉంటే అసలు బాస్ ఉండదు.

తర్వాత ఫేజ్, అంటే స్పీకర్లన్నీ ఒకేసారి ఒకే వైపు కదులుతున్నాయా అని. బాస్ బాగా ఉన్న పాట పెట్టి, బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకి తిప్పి వినండి, తర్వాత కుడికి, తర్వాత మధ్యకి. రెండు స్పీకర్లూ కలిసి మోగినప్పుడు ఒక్కటి మోగినప్పటి కంటే బాస్ తగ్గిందంటే, ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోందన్నమాట. ఒక్క స్పీకరుకి మాత్రమే వైర్లు మార్చి మళ్లీ వినండి. ఏది తప్పో తేలకపోతే ఆంప్ నుంచి స్పీకర్ వైర్లు ఊడదీసి, వాటికి 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్సు స్పీకర్ ప్లస్సుకి తగిలితే కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు) బయటికి రావాలి. ట్వీటర్ల (సన్న శబ్దాల చిన్న స్పీకర్లు) మీద ఈ చిట్కా పనిచేయదు.

ఇప్పుడు మల్టీమీటర్ తీయండి. ఇంజన్ ఆన్ చేసి బ్యాటరీ దగ్గర డీసీ చూస్తే సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టులుంటుంది. (కొత్త బళ్లలో ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే ఆడిస్తుంది, కాబట్టి ఈ అంకె కదులుతుంటుంది.) బాస్ పాట గట్టిగా పెట్టి అదే కొలత బ్యాటరీ దగ్గరా, ఆంప్ టెర్మినల్స్ దగ్గరా తీయండి. తేడా అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో తినేస్తోంది. ఎక్కడో తెలియాలంటే మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఆంప్ ఎర్త్‌కి (కారు బాడీకి బిగించే మైనస్ వైరు) పెట్టి, పాట మోగుతుండగానే చూడండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదు. నేను చూసిన వాటిలో ఎక్కువ సార్లు దొంగ ఇక్కడే దొరికాడు: పెయింట్ మీదే బోల్టు బిగించేస్తారు. బ్యాటరీ మైనస్ వైరు ముందు తీసేసి, ఆ చోట గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించండి. ఎర్త్ వైరు అర మీటరు లోపే ఉంచండి. సీటు బెల్టు బోల్టుని మాత్రం ముట్టుకోకండి.

ఎర్త్ బాగుంటే ప్లస్సు దారి చూడాలి. ఫ్యూజ్ బాగానే ఉండి దాని హోల్డర్ వేడికి వంకరపోవడం మామూలే. వైరు కూడా చూడండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్నదైతే అదే మందంలో అసలు రాగి మోసినంత కరెంటు మోయలేదు.

సిగ్నల్ కొలవడానికి 50 హెర్ట్జ్, 0 డెసిబెల్ (రికార్డింగులో పట్టే అత్యధిక స్థాయి) టోన్ ప్లే చేయండి. మామూలు మీటర్లు ఏసీని సరిగ్గా చూపేది ఆ దరిదాపుల్లోనే. ఫిల్టర్లూ బాస్ బూస్టూ ఆపేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావుకి పెట్టి, ఆర్‌సీఏ కొసలో ఏసీ వోల్టులు చూడండి. 2 వోల్టులిచ్చే స్టీరియో అక్కడ 0.1 చూపిస్తే లోపం స్టీరియోలోనో, ఆ వైరులోనో ఉంది.

గెయిన్ (వచ్చే సిగ్నల్‌కి తగ్గట్టు ఆంప్‌ని సర్దే మర) ఆఖరున. చాలామంది దాన్ని వాల్యూమ్ అనుకుని మొదటే తిప్పేస్తారు, బొంగురు సౌండ్ తెచ్చుకుంటారు. స్పీకర్ వైర్లు ఊడదీసి, గెయిన్ పూర్తిగా తగ్గించి, అదే టోన్ ప్లే చేసి, ఆంప్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టులు చూస్తూ మెల్లగా పెంచండి. ఎక్కడ ఆపాలంటే, ఆర్‌ఎంఎస్ వాట్లని (ఆంప్ నిలకడగా ఇవ్వగల పవర్) స్పీకర్ ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 50 వాట్లు, 4 ఓమ్‌లయితే 14 వోల్టులు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే మాక్స్ పవర్‌తో ఈ లెక్క వేయకండి.

ఇన్ని చేసినా ఒక వైపే నీరసంగా ఉంటే ఆంప్ దగ్గర ఆర్‌సీఏ ఎడమ, కుడి మార్చండి. నీరసం రెండో వైపుకి పోతే లోపం ఆంప్‌కి ముందుంది. కదలకపోతే ఆర్‌సీఏ యథాస్థానంలో పెట్టి స్పీకర్ వైర్లు మార్చండి. అప్పుడు నీరసం రెండో స్పీకరుకి వస్తే ఆ ఛానలే పోయింది. ఆంప్‌ని కారులోంచి ఊడదీసి, మీరు రాసుకున్న కొలతలన్నీ జతచేసి మెకానిక్‌కి ఇవ్వండి.

బావమరిది పీకేసిన పాత ఆంప్ ఇప్పుడు నా డిక్కీలో ఉంది. నిక్షేపంగా మోగుతోంది.